రామేశ్వరం బురద

ఒక తొట్టి చాలదా, రెండోది ఎందుకు అని నేను మొదటి రోజే అడిగాను. ఆ ఇంట్లో నా మాట ఎవరు విన్నారు గనక.

మా ఆయన జగన్నాథరావుది బందరు. జంతుశాస్త్రంతో బి.ఎస్సీ చదివి, హైదరాబాదు వచ్చి ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా అయ్యాడు. ఊరు వదిలాడు గానీ సముద్రాన్ని వదల్లేదు మహానుభావుడు. గౌలిపురాలో ఎల్లప్ప గారి మేడ మీద రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. ముందు గదిలో మంచం వేసుకోవలసిన చోట ఆయన అద్దాల తొట్టి పెట్టాడు. కుళాయి నీళ్ళతో బతికే ఎర్ర చేపలైతే నేను నోరెత్తేదాన్ని కాదు. ఇది ఉప్పునీళ్ళ తొట్టి. దానికి కావలసిన నీళ్ళు మా తమ్ముడు బందరులో క్యాన్లకెత్తి బస్సులో పంపాలి. "నీల్లకు గూడ బస్సు టికెట్టా బిడ్డా" అని ఎల్లప్ప గారి భార్య మాణిక్యమ్మ నవ్వేది. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

తొట్టి అందంగా లేదని నేననను. పగడపు రాళ్ళు, వాటి మీద మెత్తటి వేళ్ళలా ఊగే ఏవో జీవాలు, నాలుగైదు నీలం చేపలు ఉండేవి. అన్నిటికీ రాజు ఒక సముద్రపు గుర్రం. బొటనవేలంత ఒళ్ళు, గుర్రం మూతి, చుట్ట చుట్టుకున్న తోక. ఎవరో స్నేహితుడు మద్రాసు నుంచి తెచ్చి ఇచ్చిన రోజు మా ఆయన అన్నం కూడా తినకుండా దాని ముందు కూర్చున్నాడు. అయితే ఆ గుర్రానికి వేసిన మేత పట్టదు. బతికుండి కదిలే పురుగుల్నే తింటుంది, అవీ కంటికి ఆననంత చిన్నవి కావాలి. రోజురోజుకీ దాని పొట్ట లోపలికి పీక్కుపోయింది. దాన్ని చూసి చూసి మా ఆయన మొహం కూడా అలాగే అయింది.

అప్పుడు ఏదో విదేశీ పత్రికలో చదివి రెండో తొట్టి సంగతి ఎత్తాడు. దాని పేరు రెఫ్యూజియమట. పెద్ద తొట్టికి పైన ఒక చిన్న తొట్టి పెట్టి రెంటినీ గొట్టాలతో కలపాలి. చిన్నదాంట్లో సముద్రపు బురద, నాచు వెయ్యాలి. చేపల్ని అందులోకి రానివ్వకూడదు. తినేవాళ్ళు లేకపోవడంతో ఆ నాచులో సన్నటి పురుగులు హాయిగా పిల్లల్ని పెట్టి, నీళ్ళతో పాటు కిందికి జారి గుర్రానికి తిండి అవుతాయి. నాచు నీళ్ళలోని మురికిని కూడా పీలుస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ బందరు బురద పనికిరాదట, పగడాలుండే చోటి బురదే కావాలట. సరిగ్గా ఆ వేసవిలోనే మా అత్తగారు కోటేశ్వరమ్మ రామేశ్వరం యాత్ర బస్సుకి పేరిచ్చింది.

యాత్రకి వెళ్ళినవాళ్ళు విభూది తెస్తారు, తీర్థం తెస్తారు, ఇసుక తెస్తారు. మా అత్తగారు కొడుకు అడిగాడని మూత ఉన్న బకెట్ నిండా బురద, నాచు, రాళ్ళు తెచ్చింది. అక్కడెవరో జాలరి నడుముల్లోతు నీళ్ళలో దిగి నింపి ఇచ్చాడట. దారి పొడుగునా బస్సులో ఆడవాళ్ళు ముక్కులు మూసుకుంటే, రామలింగేశ్వరుడి పాదాల దగ్గరి మట్టికి కంపేమిటని వాళ్ళనే దులిపేసి, బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఇంటికొచ్చాక నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు. పీట వేసి, దాని మీద బకెట్ పెట్టి, హారతి ఇచ్చాకే కొడుకు చేతికి అందించింది. ఒక్కగానొక్క కొడుకు. వాడు అడిగితే ఆవిడ సముద్రాన్నే మోసుకొచ్చేది.

చార్మినార్ దగ్గర దేవుడి పటాలకు అద్దాలు కట్టే దుకాణంలో గాజు కోయించి, మా ఆయనే స్వయంగా చిన్న తొట్టి అతికించాడు. గోడకి కొయ్యబల్ల బిగించి దాని మీద పెట్టాడు. పైన ఒక బల్బు వేలాడదీశాడు. నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉంది. నాచు పచ్చగా ఒత్తుగా పెరిగింది. ఎండలో దుమ్ము తేలినట్టు ఏవో నలకలు నీళ్ళలో తేలుతూ కిందికి దిగేవి, గుర్రం టక్కున మూతితో పీల్చుకునేది. దాని పొట్ట నిండింది. మా ఆయన ఆఫీసు నుంచి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. అత్తగారు స్నానం చేసి వంటింటి మూలనున్న దేవుడి మందిరం దగ్గరికి వెళ్ళేముందు ఆ తొట్టికి ఓ దణ్ణం పెట్టేది. నాకు మాత్రం ఆ పై తొట్టి వైపు చూడాలంటే ఎందుకో మనస్కరించేది కాదు. కింది తొట్టిలో ఏముందో తెలుసు. పైదాంట్లో ఏముందో తెచ్చినవాళ్ళకి తెలియదు, పెట్టినవాళ్ళకీ తెలియదు.

ఒకరోజు పొద్దున దణ్ణం పెట్టబోయిన అత్తగారు నన్ను కేకేసింది. వెళ్ళి చూస్తే బురద కదులుతోంది. కాసేపటికి అందులోంచి ఒక గవ్వ పైకొచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది, ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. తెలుపు మీద గోధుమ రంగు మరకలతో నేత చీరలా మెరుస్తోంది. సన్నటి కొస నుంచి మెత్తటి గొట్టం ఒకటి బయటికొచ్చి, మెల్లగా పైకి లేచి, అటూ ఇటూ ఊగింది.

"తొండం చూశావుటే నాగమణీ" అంది అత్తగారు. "విఘ్నేశ్వరుడే. నాతోపాటు బస్సెక్కి వచ్చాడు."

నేను నవ్వాను గానీ, చూస్తే అచ్చం తొండంలాగే ఉంది. ఆవిడ అద్దం మీద వేలు పెట్టి జరిపితే ఆ తొండం వేలి వెంటే తిరిగింది. ఆవిడ అది ఆశీర్వాదం అనుకుంది. నాకు మాత్రం అది వాసన చూస్తున్నట్టనిపించింది. సాయంత్రం మా ఆయన వచ్చి, పాచి తినే నత్త అయి ఉంటుంది, ఉండనీ మంచిదే అన్నాడు. చేత్తో బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని మా ఇద్దరికీ చూపించి, మళ్ళీ నీళ్ళలో వదిలాడు.

ఆ తర్వాత పెద్ద తొట్టిలో నీలం చేపలు తమలో చిన్నదాన్ని తరిమి తరిమి రెక్కలు చింపేశాయి. పై తొట్టిలో దాన్ని తరిమేవాళ్ళు ఉండరు కదా, కోలుకునేదాకా అక్కడ ఉంటుందని మా ఆయన పైకి మార్చాడు. తెల్లారి చూస్తే లేదు. తల లేదు, ముల్లు లేదు, పొలుసు కూడా లేదు. పిల్లి పనే అని ఆయన తొట్టి మీద ఇనప జాలీ పరిచి బరువు పెట్టాడు. మరో చేపకి దెబ్బ తగిలితే దాన్నీ పైకి మార్చాడు. అదీ మాయమైంది. జాలీ జాలీలాగే ఉంది, బరువు బరువులాగే ఉంది. గవ్వ ఒక్కటే బురద మీద కదలకుండా ఉంది. నాకెందుకో అది కడుపు నిండి పడుకున్నట్టు కనబడింది. ఆ మాటే అంటే, నత్త చేపని పరిగెత్తి పట్టుకుందా అని మా ఆయన వెటకారం చేశాడు.

ఆయన తప్పంతా బురద మీద వేశాడు. అద్దం లోంచి చూస్తే అడుగున నల్లబడిందట, కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందట, ఆ విషవాయువుకే చేపలు చచ్చి కరిగిపోయాయట. ఇక గుర్రం వంతే అని భయపడ్డాడు. శుక్రవారం సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి తల్లితో తేల్చి చెప్పేశాడు. "నువ్వు తెచ్చిన బురద కుళ్ళిపోయిందమ్మా. ఆదివారం మొత్తం తీసి మూసీలో పారేస్తాను. రాళ్ళూ, నీ వినాయకుడూ అన్నీ."

మా అత్తగారు ఎదురు చెప్పే మనిషి కాదు. అలిగే మనిషి. ఆవిడ అలక సంగతి మా బంధువులందరికీ తెలుసు. కొంగు తల మీదుగా మొహం మీదికి లాక్కుని, మందిరం పక్కన గోడకి చేరగిలబడి కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. అన్నం పెడితే కొడుకు ఎదుట తినదు. మా పెళ్ళిలో ఆడపడుచు లాంఛనాల దగ్గర అలిగి, తెల్లారి నాతో మొదటి మాట మాట్లాడిన ఘనత ఆవిడది. అందుకే శుక్రవారం రాత్రి ఆవిడ కొంగు కిందికి లాక్కుంటే నేను పెద్దగా పట్టించుకోలేదు, రెండు రోజుల్లో అదే దిగుతుందిలే అనుకున్నాను.

శనివారం మాణిక్యమ్మ పైకి వచ్చింది. మర్నాడు లాల్‌దర్వాజ బోనాలు. ఆవిడ ఏటా ఇంటి దగ్గర బోనం ఎత్తుకుని వెళుతుంది, కొన్నిసార్లు అమ్మవారు ఒంటి మీదికి వచ్చి శిగం ఊగుతుంది. ఎల్లమ్మ పేర గవ్వల బుట్ట ఒకటి ఉంది ఆవిడకి. పై తొట్టిలో గవ్వని చూసి ముచ్చటపడింది. దీన్ని నా బుట్టలో పెట్టుకుంటాను ఇవ్వరాదా అని అత్తగారిని అడిగింది. అత్తగారు అలకలో ఉండి కూడా తల గట్టిగా అడ్డంగా ఊపింది.

"గట్లయితె రేపు బోనం ఎత్తేటప్పుడు చెప్పకుంట ఎత్కపోత జూడు పెద్దమ్మా" అని మాణిక్యమ్మ నవ్వుకుంటూ దిగి వెళ్ళింది. మేమూ నవ్వాం.

ఆదివారం పొద్దుటి నుంచే గల్లీలో డప్పులు. వేపాకు తోరణాలు, పసుపునీళ్ళు, జనం. మా ఆయన కాలేజీ స్నేహితుడు భాస్కరరావు గుంటూరులో జంతుశాస్త్రం లెక్చరరు, ఏదో మీటింగు మీద హైదరాబాదు వచ్చి ఉన్నాడు. బురద పారేసేముందు అతను ఓసారి చూస్తే బాగుంటుందని మా ఆయన రమ్మన్నాడు. వీధుల్లో బండ్లు రానివ్వడం లేదని, అతన్ని చార్మినార్ దగ్గర కలుసుకోవడానికి బయల్దేరాడు. నేను కింద మాణిక్యమ్మ దగ్గర బోనం కుండకి పసుపు రాసి, వేపమండలు కట్టడంలో సాయం చేస్తూ కూర్చున్నాను. మధ్యలో మాణిక్యమ్మ ఒకసారి మేడ మీదికి వెళ్ళి, అత్తగారికి దణ్ణం పెట్టి వచ్చింది. మిగతా సమయమంతా అత్తగారు పైన ఒక్కతే ఉంది.

బోనం లేచాక మాణిక్యమ్మ డప్పుల వెనక వెళ్ళిపోయింది. కాసేపటికి చెమటలు కక్కుతూ మా ఆయన, భాస్కరరావు వచ్చారు. నేను కాఫీకి నీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు తన మూలలో గోడకి ఆనుకుని ఉంది. మొహం మీద కొంగు, చేతులు ఒళ్ళో. పళ్ళెంలో అభిషేకం పాలు, గరిక ఉన్నాయి. పూజ అయింది కదా, కాఫీ తాగుతారా అంటే పలకలేదు. అలక ఇంకా దిగలేదనుకున్నాను.

ముందు గదిలో భాస్కరరావు పై తొట్టిలోకి తొంగి చూస్తున్నాడు. బురద బాగానే ఉంది, ఇలా నల్లబడడం సహజమే అన్నాడు. మరి చేపలేమయ్యాయి అని మా ఆయన అడిగాడు. అందులో ఇంకేమేం జీవాలున్నాయని అతను తిరిగి అడిగాడు. మా ఆయన గవ్వ సంగతి చెప్పాడు. ఎలా ఉంటుందన్నాడతను. తెలుపు మీద గోధుమ మరకలు, సన్నటి కొస, తొండంలా గొట్టం అని మా ఆయన చెబుతుంటే భాస్కరరావు నిటారుగా నిలబడ్డాడు.

"చేత్తో పట్టుకున్నావా?"

"రెండు మూడుసార్లు."

"నీ ఆయుష్షు గట్టిది" అన్నాడు భాస్కరరావు. అతని గొంతులో హాస్యం లేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను. అది శంకు గవ్వట. దాని నోట్లో సూది లాంటి పన్ను ఉంటుంది, దాన్ని బాణంలా విసురుతుంది. చేప కదలకుండా కొయ్యబారిపోతుంది, అప్పుడు తాపీగా మింగుతుంది. మనిషికి గుచ్చుకుంటే పెద్ద నొప్పి కూడా ఉండదు. చెయ్యి తిమ్మిరెక్కుతుంది, పెదాలు మొద్దుబారతాయి, రెప్పలు ఎత్తలేరు, మాట రాదు. ఆఖరికి ఊపిరి తీసే శక్తి పోతుంది. దానికి విరుగుడు లేదు, ఆస్పత్రిలో మిషను మీద ఊపిరి పోస్తూ ఉంటే బతకొచ్చు.

"స్పృహ మాత్రం చాలాసేపు ఉంటుంది" అన్నాడు. "అన్నీ వినబడుతూనే ఉంటాయి. ఏదీ దాన్ని, ముందు నాకు చూపించు."

మా ఆయన పట్టకారుతో నాచు తీశాడు, బురద కెలికాడు. పళ్ళెంలోకి కాస్త కాస్త తోడి చూశారు. గవ్వ లేదు. జాలీ పక్కకి జరిపి ఉంది, బల్ల మీద నీళ్ళ చుక్కలు ఆరీ ఆరకుండా ఉన్నాయి.

ఆయన వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి తల్లి ముందు వంగాడు. "అమ్మా, గవ్వ నువ్వు తీశావా?" జవాబు లేదు. మందిరం తలుపులు బార్లా తెరిచి ఒక్కొక్క విగ్రహం జరిపి చూశాడు, పూలు దులిపాడు, పటాల వెనక చూశాడు. అక్కడ లేదు. మళ్ళీ అడిగాడు. అత్తగారి తల కొంచెం పైకి లేచింది. కొంగు చాటు నుంచి సగం మూసిన కళ్ళతో కొడుకు వైపు చూసింది. పెదవి కొంచెం కదిలి ఆగిపోయింది. రెప్పలు కిందికి వాలాయి.

"చూశావురా భాస్కరం, నా మొహం చూడడం కూడా ఇష్టం లేదు" అన్నాడు మా ఆయన. భయంలో ఆయన గొంతు పెద్దదైంది. "మనుషులు చచ్చే సంగతమ్మా ఇది. నీ అలకలకి ఒక వేళా పాళా లేదా? నోట్లోంచి ఒక్క మాట ఊడిపడితే నీ సొమ్మేం పోయింది?"

ఎవరికైనా అంతే అనిపిస్తుంది. నాకూ అంతే అనిపించింది, పైగా ఒళ్ళు మండింది కూడా. అప్పుడు మాణిక్యమ్మ నవ్వుతూ అన్న మాట నేనే గుర్తు చేశాను. పొద్దున ఆవిడ పైకి వచ్చి వెళ్ళిందని కూడా చెప్పాను. మా ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ గవ్వల బుట్ట నడుముకి కట్టుకుని వెళ్ళింది. శిగం ఊగుతూ ఆ బుట్టలో చెయ్యి పెట్టి గవ్వలు గుప్పిట పట్టడం ఏటా చూస్తున్నదే. ఇద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, ఆ జనంలో పడి లాల్‌దర్వాజ వైపు పరిగెత్తారు.

నేను కాఫీ దించాను. ఒక గ్లాసు అత్తగారి ముందు పెట్టి, ఇంక చాలించండి అత్తయ్యా, ఆయన ఎంత బెదిరిపోయారో చూశారుగా అన్నాను. మీరు తియ్యలేదని ఒక్క ముక్క అంటే ఆ వెతుకులాట తప్పేది కదా అని కూడా అన్నాను. కొంగు కింద నుంచి ఏదో గరగర వచ్చింది. దగ్గు అనుకున్నాను. గ్లాసు ఆవిడ చేతికివ్వబోతే చెయ్యి ముందుకు రాలేదు. అలిగినా కాఫీ వద్దనే మనిషి కాదావిడ, కొడుకు లేనప్పుడు గటగటా తాగేది.

కొంగు పక్కకి తీశాను. నోటి మూల నుంచి చొంగ కారి చుబుకం మీదుగా మెడ దాకా వచ్చింది. రెప్పలు సగం మూసుకుని ఉన్నాయి, వాటి కింద నల్లగుడ్లు నన్నే చూస్తున్నాయి. అత్తయ్యా అని భుజం కుదిపితే తల ఒక పక్కకి వాలిపోయింది. ఎత్తి నిలబెడితే మళ్ళీ వాలింది. కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. బొటనవేలి కింద కండ మీద సూది గుచ్చినంత చుక్క, దాని చుట్టూ నీలి రంగు.

భాస్కరరావు మాటలన్నీ ఒక్కొక్కటీ నా చెవిలో మోగాయి. పెదాలు, రెప్పలు, మాట. అతను అవి చెబుతున్నంతసేపూ ఆవిడ ఈ గోడకి ఆనుకుని అన్నీ వింటూనే ఉంది. తనకేమవుతోందో విన్నది, విరుగుడు లేదని విన్నది. ఆ తర్వాత కొడుకు తిట్టిన తిట్లు విన్నది. పెదవి కదిపింది ఏదో చెప్పడానికే.

మెట్ల దాకా పరిగెత్తి ఎల్లప్ప గారిని కేకేశాను. డప్పుల హోరులో ఆయనకి మూడోసారికి గానీ వినబడలేదు. పైకి వచ్చి చూసి, ఉన్నఫళాన ఆటో కోసం పరిగెత్తాడు. అంతలోనే రొప్పుతూ తిరిగొచ్చాడు. "తొవ్వంత బందువెట్టిన్రు బిడ్డా. ఆటో కాదు, సైకిలు గూడ వచ్చెటట్టు లేదు. నలుగురు పోరగాండ్లను పట్కొస్త, మంచం మీద మోస్కపోదం." అంటూనే మళ్ళీ దిగాడు. నేను వెనక్కి వచ్చి అత్తగారి తల నా భుజం మీద ఆనించుకుని కూర్చున్నాను. మిషను లేకపోతే నోటితోనైనా ఊపిరి పోద్దామని ఆవిడ ముక్కు మూసి నోట్లోకి ఊదాను. ఎలా చెయ్యాలో నాకు తెలియదు. గాలి లోపలికి వెళుతోందో, పెదాల పక్క నుంచి జారిపోతోందో కూడా తెలియలేదు. ఏడుస్తూ ఊదాను. అత్తయ్యా, మీ వినాయకుణ్ణి ఎవరూ పారెయ్యరు, నేను పారెయ్యనివ్వను అని చెబుతూ ఊదాను.

ఆవిడ వాణ్ణి కాపాడుకోవడానికే తీసింది. ఆదివారం మూసీ పాలవుతాడని రెండు రోజులు కొంగు చాటున కూర్చుని ఏడ్చి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, పాలతో స్నానం చేయించి, కొడుకు కంట పడకుండా దాచింది. మందిరంలో పెడితే మొదట అక్కడే వెతుకుతాడని ఆవిడకి తెలుసు.

మరి ఎక్కడ దాచింది? ఆ ఆలోచన రాగానే నా ఊదడం ఆగిపోయింది. అభిషేకం పళ్ళెంలో లేదు, చేతుల్లో లేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద ఒళ్ళో తడిగా ఉంది. కొంగు కొస అక్కడికి తెచ్చి, గుండ్రంగా ఉండలా చుట్టి, ముడి వేసి ఉంది. ముడి సందులోంచి తెల్లటి తొండం ఒకటి బయటికి వచ్చి, పైకి లేచి, మెల్లగా నా వైపు తిరిగింది. నేను గోడకి అతుక్కుపోయాను. అత్తగారి తల నా భుజం మీదే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మా ఆయన గొంతు నవ్వుతూ పైకి వస్తోంది. మాణిక్యమ్మ దగ్గర లేదట. బుట్ట మొత్తం బోర్లించి చూపించిందట, అమ్మవారి మీద ఒట్టేసిందట. "బతికిపోయాం నాగమణీ. బురదలోనే ఎక్కడో దూరి ఉంటుంది వెధవది. అమ్మ ఇంకా అలకపాన్పు దిగలేదా?"

గుమ్మంలో ఆగాడు. నన్ను చూశాడు, తల్లి మొహం చూశాడు. వెనకే వచ్చిన భాస్కరరావు ఆయన్ని తోసుకుని వచ్చి అత్తగారి మెడ మీద వేళ్ళు పెట్టి, కాసేపు ఉంచి, తీసేశాడు.

"అమ్మా" అన్నాడు మా ఆయన. "అమ్మా, తప్పయిపోయిందమ్మా. ఒక్కసారి మాట్లాడు."

మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ చాచి, తల్లి ఒళ్ళో తల పెట్టుకోబోయాడు. నేను చొక్కా కాలరు పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాను.

"వద్దండీ. అది అత్తయ్య ఒళ్ళోనే ఉంది."